స్టాల్లో నాలుగు స్టూళ్ళు

ఎగ్జిబిషన్లో స్టాలు ఖాయమైందని చెప్పే ఉత్తరంతో పాటు ఇంకో కాగితం కూడా వస్తుంది. మూడు మీటర్ల పొడుగు, మూడు మీటర్ల వెడల్పు స్థలం. మూడు పక్కల తెల్లటి పలకల గోడ. పైన పేరు రాసిన పట్టీ. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూడు లైట్లు, ఒక ప్లగ్గు, ఒక చెత్తబుట్ట. హైదరాబాద్ హైటెక్స్‌లో అయినా, ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో అయినా చిన్న స్టాలంటే కొద్దిపాటి తేడాలతో ఇదే లెక్క. ఈ కాగితం నేను చాలాసార్లు చదివాను. 'రెండు కుర్చీలు' అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. మా నుంచి వెళ్ళేది నలుగురు ఆడవాళ్ళు. ఆ రెండు కుర్చీలు ఎవరికి?

నేను నిజామాబాద్‌లో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. బోధన్‌కి అవతల ఒక పల్లెలో ఉన్న మహిళా సంఘంతో కొన్నేళ్ళుగా స్నేహం. మొదట్లో వాళ్ళ మినిట్స్ పుస్తకం రాయడానికి వెళ్ళేదాన్ని. తర్వాత లేబుళ్ళ మీద అక్షరాలు సరిచూడటం, ఆ తర్వాత స్టాళ్ళ పని. వాళ్ళు పసుపు పట్టిస్తారు, మామిడి తొక్కు పెడతారు, సకినాలు, నువ్వుల ముద్దలు చేస్తారు. అందరూ దాదాపు బీడీలు చుట్టిన వాళ్ళే, కొందరు ఇప్పటికీ చుడుతున్నారు. చెరుకు నరికిన వాళ్ళూ ఉన్నారు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినంత కాలం ఆ చుట్టుపక్కల చెరుకు పని దొరికేది. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూసేశారు. చెరుకు చేలు వరి మళ్ళయ్యాయి. ఆ సంఘం పసుపు పొట్లాల వైపు గట్టిగా మళ్ళింది ఆ తర్వాతే.

స్టాలు ఫర్నిచర్ గురించి ఒక స్త్రీల పత్రికలో రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. సొంత గది గురించి మనం చాలానే మాట్లాడుకున్నాం. గది కన్నా ముందు కూర్చునే చోటు సంగతి ఉంది కదా. మన దగ్గర కుర్చీ ఎప్పుడూ వట్టి కుర్చీ కాదు. దొర గడీ ముందు ఎవరు నిలబడాలో, ఎవరు కింద కూర్చోవాలో తెలంగాణ పల్లెకి ఇంకా గుర్తుంది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత ఆడవాళ్ళు సర్పంచులయ్యారు. ఎన్ని ఊళ్ళలో సర్పంచి కుర్చీలో భర్త కూర్చుంటే, గెలిచినామె తలుపు పక్కన నిలబడి సంతకం పెట్టిందో మనం చూడలేదా? ఇంట్లో మామగారు వస్తే మంచం మీంచి దిగే కోడళ్ళే కదా స్టాల్లోకి కూడా వచ్చేది.

ఒకసారి హైదరాబాద్‌లో పదిరోజుల మేళాకి ఒక ప్రభుత్వ శాఖ తరఫున ఈ సంఘానికి స్టాలు దొరికింది. మొదటిరోజు ఉదయం పదింటికి లోపల అడుగుపెట్టినవాళ్ళు రాత్రి తొమ్మిదిదాకా అక్కడే. ప్రారంభోత్సవానికి పెద్దలొస్తున్నారని రెండు కుర్చీల్నీ ఉదయమే వేదిక దగ్గరికి మోసుకుపోయారు. మూడోరోజుకి ఒకటి తిరిగొచ్చింది. ఆ ఒక్కదాని మీద కూడా మావాళ్ళు కూర్చోలేదు, దాని మీద చేతిసంచీ పెట్టారు. ఎందుకు కూర్చోలేదని అడిగితే, "సార్లు వస్తరు గదా మేడం, వాళ్ళొచ్చినప్పుడు లేసుడు, కూసునుడు ఎందుకని" అంది సంఘం లీడరు. నాలుగో రోజున ఒకామెకి పిక్కలు ఉబ్బి నరాలు తాళ్ళలా తేలాయి. బల్లకి కట్టిన సాటిన్ గుడ్డ నేలదాకా వేలాడుతోంది. దాని వెనక, బల్లకింద, చీకట్లో ఒకరి తర్వాత ఒకరు పోయి కాళ్ళు చాపుకుంటున్నారు. అన్నం అక్కడే. ఒకామె చంటిపిల్ల నిద్ర అక్కడే. బల్లపైన వ్యాపారం, బల్లకింద సంసారం. చూసేవాళ్ళకి మాత్రం పసుపు పొట్లాలూ వెనక రెండు నవ్వు మొహాలూ కనిపిస్తాయి. (మంచినీళ్ళు తాగడం మానేశారని వేరే చెప్పాలా? మరుగుదొడ్డి మైదానం ఆ చివరన ఉంది.)

అంతకన్నా నన్ను కుదిపింది ఆ మరుసటేడు. స్టాళ్ళని అందంగా చేయడానికి డెకరేషన్ కాంట్రాక్టరొకాయన వచ్చాడు. ఆయన గీసుకొచ్చిన బొమ్మలో మా స్టాలు పల్లెటూరి ఇల్లు. మట్టిరంగు గోడకి ముగ్గు, మూలన ఎడ్లబండి చక్రం, లాంతరు, ఒక నులక మంచం. మధ్యలో నేల మీద విసుర్రాయి. దాని ముందు ఒకామె కూర్చుని పసుపు విసురుతూ ఉండాలి. "లైవ్‌గా ఉంటుంది మేడం, జనం ఫోటోలు తీసుకుంటారు" అన్నాడు. మావాళ్ళు పసుపు విసుర్రాయితో విసరరు, కరెంటు గిర్నీలో పట్టిస్తారు. ఆ గిర్నీ కోసమే బ్యాంకు అప్పు తీసుకున్నారు, ఇంకా కిస్తీలు కడుతున్నారు. ఆ మాటే చెప్పాను. గిర్నీ పెడితే అందం ఉండదన్నాడాయన. అంతవరకూ మాట్లాడకుండా వింటున్న పెద్దమ్మ, సంఘంలో అందరికన్నా వయసులో పెద్దది, అప్పుడు నోరు తెరిచింది. "నలబయ్యేండ్లు కింద కూసునే బీడీలు చేస్తి. గీడికొచ్చి గూడ కిందనే కూసోవాల్నా? మేము అమ్మతందుకు వస్తున్నమా, చూపెట్టుకుంటందుకు వస్తున్నమా?"

ఆ ప్రశ్న తర్వాత నాకు ఫర్నిచర్ ఎంపిక వేరేగా కనిపించడం మొదలైంది. స్టాల్లో ఉండే ప్రతి మనిషీ అయితే అమ్మేవాళ్ళలో ఉంటారు, కాకపోతే అమ్మకానికి పెట్టిన వస్తువుల్లో ఉంటారు. ఆ గీత ఎక్కడ పడుతుందో నిర్ణయించేవి బల్లలూ పీటలే. మనిషిని నేల మీద కూర్చోబెట్టి చుట్టూ జనాన్ని నిలబెడితే, ఆమె చేతిలో బిల్లు పుస్తకం ఉన్నా సరే, బొమ్మే. నులక మంచం నాకేం శత్రువు కాదు, మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అది స్టాల్లోకి ఎవరి జ్ఞాపకంగా వస్తోందన్నదే నా పేచీ. పల్లె వదిలి వెళ్ళిన వాళ్ళకి అది ముచ్చట. ఇంకా అందులోనే ఉన్నవాళ్ళకి నడుం నొప్పి.

దుకాణంలో ఆడవాళ్ళు కూర్చోవడం ఇంత పెద్ద విషయమా అంటే, చట్టాలు చేయాల్సినంత పెద్ద విషయమే. 1899లో బ్రిటన్‌లో షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళకి ముగ్గురికి ఒకటి చొప్పునైనా కూర్చునే పీట ఉండాలని ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లో, నిలబడి పనిచేసే కార్మికులకు వీలు దొరికినప్పుడు కూర్చోడానికి ఏర్పాటు చేయాలని రాశారు. అది ఫ్యాక్టరీకి. బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడే అమ్మాయికి అది వర్తించలేదు. కోళికోడ్ మిఠాయి తెరువులో దర్జీ పని చేసే విజి, ఆమె స్నేహితులు 'పెణ్‌కూట్టు' పేరుతో కలిసి మొదట మరుగుదొడ్ల కోసం, ఆ తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది, 2021లో తమిళనాడు కూడా ఆ దారిలో నడిచింది. గమనించండి, మరుగుదొడ్డి తర్వాతి డిమాండు పీట. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి రావడం ఏ ఆడమనిషికీ వింతగా అనిపించదు.

మా సంఘానికి ఏ యజమానీ లేడు, వాళ్ళే యజమానులు. అయినా కూర్చోలేదు! చట్టం అందుకోలేని చోటు అది.

చివరికి ఫర్నిచర్ మేమే తీసుకుపోదామని అనుకున్నాం. అద్దెకిచ్చే వాళ్ళ ధరలు చూస్తే, ఒక ఎత్తు స్టూలుకి పది రోజుల కిరాయితో అలాంటివి రెండు చేయించుకోవచ్చు. నిజామాబాద్ టెంట్‌హౌసుల్లో దొరికేవి ప్లాస్టిక్ కుర్చీలు, పెళ్ళి భోజనాల బల్లలు. ఆ కుర్చీ మీద కూర్చుంటే మనిషి కళ్ళు నేలనుంచి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటాయి. కొనేందుకు వచ్చినవాళ్ళు నిలబడి ఉంటారు, వాళ్ళ కళ్ళు అయిదడుగుల దగ్గర. అంటే ధర చెప్పే మనిషి తలెత్తి చెప్పాలి, బేరమాడే మనిషి వంగి చూస్తూ ఆడతాడు. తలెత్తి మాట్లాడుతూ ఇంత అని గట్టిగా చెప్పడం ఎంత కష్టమో ఎప్పుడైనా చేసి చూడండి.

సంఘం గదిలో నేలమీద ముగ్గుపిండితో పదడుగుల చదరం గీశాం. స్టాలు అంతే. బల్లల బదులు బియ్యం బస్తాలు వేసి, నలుగురూ లోపల నిలబడి, మిగతావాళ్ళు కొనేవాళ్ళలా వచ్చి చూశారు. నవ్వుల మధ్య చాలా సంగతులు తేలాయి. ముందువైపు అడ్డంగా బల్ల వేస్తే జనం లోపలికి రారు, బల్ల గోడలా అడ్డుపడుతుంది, దాన్ని పక్కకి జరపాలి... స్టాళ్ళ గురించి సలహాలిచ్చే వాళ్ళంతా ఇదే చెప్తారు, అందులో నిజం ఉంది. బస్తాల్ని పక్కకి జరిపాం. వెంటనే సంఘంలో చిన్నామె, పాతికేళ్ళుంటాయి, "వద్దక్కా, ముంగట్నే ఉండనియ్యి" అంది. ఎందుకంటే చెప్పలేదు. కాసేపటికి తనే, "రాత్రిపూట మందల మీద పడ్డట్టు వస్తరు. మొగోళ్ళు. బల్లుంటె చెయ్యి అంతదూరం రాదు" అంది. గది నిశ్శబ్దమైపోయింది. మిగతా ముగ్గురికీ తెలుసు, ఒక్కరూ అంతవరకూ అనలేదు. ఏ ఎగ్జిబిషన్ సలహాల్లోనూ ఈ వాక్యం నేను చదవలేదు. అమ్మకాలకి అడ్డమయ్యే బల్లే ఆమె ఒంటికి కాపలా.

అందుకని ఎల్ ఆకారంలో రెండు బల్లలు అనుకున్నాం. ఒకటి ముందు, సగం దూరం దాకా. రెండోది పక్కగోడ వెంబడి. మిగిలిన సందులోంచి కొనేవాళ్ళు రెండు మూడు అడుగులు లోపలికి రావచ్చు. మావాళ్ళు ఎప్పుడూ బల్లకి ఇవతలే.

బల్ల ఎత్తు 36 అంగుళాలు. మన ఆడవాళ్ళ సగటు ఎత్తు ఇంచుమించు అయిదడుగులు, 152 సెంటీమీటర్లు. నిలబడి పొట్లం కట్టేటప్పుడు మోచేతికి కాస్త కింద బల్ల ఉంటే నడుం వంగదు. కూర్చునే పీటకీ బల్లకీ మధ్య పది అంగుళాలు తేడా ఉంటే కూర్చుని కూడా అదే పని చేసుకోవచ్చు. కాబట్టి స్టూలు 26 అంగుళాలు. దాని మీద కూర్చున్న మనిషి కళ్ళు కొనేవాళ్ళ కళ్ళకి కొన్ని అంగుళాల కిందే ఉంటాయి. కాళ్ళు వేలాడకుండా చుట్టూ కడ్డీ ఉండాలి, లేకపోతే తొడల కింద నొక్కుకుని గంటలో తిమ్మిరెక్కుతుంది. వెనక చిన్న ఆనుడు పట్టీ. కూర్చునే చోట చెక్కకి బదులు నవారు అల్లించాం. తేలిక, గాలి ఆడుతుంది, తెగితే మనమే అల్లుకోవచ్చు.

బల్లలు కూడా మడతపెట్టే ఇనుప కాళ్ళవే. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో మంటలు లేచి ఎన్నో స్టాళ్ళు బూడిదైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ప్లైవుడ్డూ గుడ్డా ఎంత త్వరగా అంటుకుంటాయో అప్పుడు అందరూ చూశారు. బల్లకింద పడుకోబెట్టిన చంటిపిల్ల చుట్టూ సాటిన్ గుడ్డ అనుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ గుడ్డ తీసేసి, బల్లకి మూరెడు కిందిదాకా మాత్రమే ఉండే మందపాటి నూలు దుప్పటి కట్టాం. దానికి మావాళ్ళు ఒప్పుకోవడానికి చాలా సేపు పట్టింది, చాటు పోతుందని. నిజమే, చాటు పోతుంది. కూర్చోడానికి పైన చోటుంటే కింద దాక్కోనక్కర్లేదు కదా అని లీడరే సర్దిచెప్పింది.

నుమాయిష్ అంటే గుర్తొచ్చింది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో ముల్కీ వస్తువుల ప్రదర్శనగా దాన్ని మొదలుపెట్టారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూడా ఇంచుమించు ఆ కాలపుదే. చిన్నప్పుడు మా అమ్మ నిజామాబాద్ నుంచి రైల్లో నన్ను తీసుకెళ్ళేది. ఆడవాళ్ళకి మాత్రమే ప్రవేశం ఉండే రోజు చూసుకుని మరీ వెళ్ళేది. ఆ రోజు మైదానమంతా ఆడవాళ్ళే. స్టాళ్ళలో, పరుపుల మీదా కుర్చీల మీదా కూర్చుని బట్టలు విప్పి పరిచేది మాత్రం మగవాళ్ళు. అమ్మ నిలబడే చూసేది, నిలబడే కొనేది. అప్పుడది నాకు ప్రపంచపు తీరులాగే ఉండేది.

బోధన్‌లో వెల్డింగ్ షాపతను కొలతలు చూసి, "ఇంత ఎత్తు స్టూళ్ళేందమ్మా, బార్ పెడుతున్నరా?" అన్నాడు. లీడరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అవ్, నలుగురం ఆడోళ్ళం కలిసి పెడుతున్నం, నువ్వు రావద్దు మల్ల" అంది. మొదటి స్టూలు తయారయ్యాక అందరూ ఎక్కి చూశారు. చీరె కుచ్చిళ్ళు కడ్డీకి తట్టుకుంటున్నాయని కడ్డీని రెండంగుళాలు లోపలికి జరిపించాం.

పెద్దమ్మ ఎక్కలేకపోయింది. మోకాళ్ళు వంగవు. నలభయ్యేళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని రోజుకి వెయ్యి బీడీలు చుట్టిన మోకాళ్ళవి. ఆమెకి చేతులున్న మామూలు కుర్చీ ఒకటి తీసుకుపోదామని లీడరు అంది, నాకూ సబబుగానే తోచింది. పెద్దమ్మ ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. మర్నాడు, మేళాకి రానని కబురు. అందరూ మోకాళ్ళ వల్లనే అనుకున్నారు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. సంఘంలో ఆమె ఒక్కతే మాదిగామె. లీడరింటికి వచ్చినప్పుడు గడపకి ఇవతలే కూర్చుంటుంది. ఎవరూ కూర్చోమనరు, ఎవరూ వద్దనరు. అన్నేళ్ళ అలవాటు దానంతట అదే నడుస్తుంది. మేళాలో రెండు కుర్చీలున్నప్పుడు కూడా ఎవరు నిలబడాలో ఎవరూ చెప్పలేదు. నాకు చాయ్ ఇచ్చి, చాలాసేపు మనవడి చదువు గురించి మాట్లాడి, అప్పుడంది: "పంతులమ్మా, ముగ్గురు మీద కూసుంటె నేనొక్కదాన్నే కింద కూసుంటనా? గదే అయితె ఊర్లెనే కూసుంట గదా." నేను ఏం చెప్పను? కుర్చీ మెత్తగా ఉంటుందని, నడుముకి మంచిదని చెప్పనా? ఆమె నడుం గురించి ఆమెకి తెలియనిదేముంది. ఆమె లెక్కవేసింది ఎత్తుని. నాలుగు పీటలుంటే నాలుగూ ఒకే ఎత్తున ఉండాలి, లేదా నిలబడతాను, లేదా రాను. ఇంత స్పష్టంగా నేను ఏ సెమినార్లోనూ వినలేదు.

వెల్డింగ్ షాపతనికి ఈసారి నేనే కాగితం మీద గీసిచ్చాను. అదే 26 అంగుళాల స్టూలు, ముందువైపు రెండు మెట్లు, కుడిచేతికి పట్టుకునే కడ్డీ. కాళ్ళు కాస్త వెడల్పుగా పెడితే ఒరగదని అతనే చెప్పి, అలాగే చేశాడు. లీడరుకి అది నచ్చలేదు. ఖర్చెక్కువని, వ్యాన్లో చోటు తింటుందని. ఆ వాదనలో ఎంత డబ్బు సంగతో, ఎంత వేరే సంగతో నేను తూచలేను. పెద్దమ్మ వచ్చింది. స్టాల్లో పసుపు తూచి ఇచ్చే పని ఆమెదే, ఆ చేతికి కాటా అవసరం లేదని అందరికీ తెలుసు.

మేళాలో అయిదోరోజున ఒక అధికారి స్టాలు ముందు ఆగారు. ముగ్గురూ గబగబా దిగి నిలబడ్డారు. అలవాటు ఒక్కరోజులో పోదు. పెద్దమ్మ దిగలేదు. దిగడానికి టైం పడుతుంది గదా అని తర్వాత అంది. ఆయన ఆమె కళ్ళలోకి చూసి, "ఇది ఎక్కడి పసుపమ్మా?" అని అడిగారు. ఆమె స్టూలు మీంచే, ఆర్మూరు వైపు ఏ ఊళ్ళో కొమ్ములు కొన్నారో, ఎట్లా ఉడకబెడతారో, ఎన్నిరోజులు ఎండబెడతారో చెప్పింది. కిలో ధర కూడా. తగ్గిస్తారా అంటే తగ్గించమంది. ఆయన రెండు కిలోలు కొని, వెళ్ళిపోయారు.

ఇప్పుడు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం కూడా ఉంది, 2025లో ప్రారంభమైంది. ఎగ్జిబిషన్లకి పిలుపులు ఇంకా వస్తాయని సంఘంలో ఆశ. మళ్ళీ అదే కాగితం వస్తుంది, ఒక బల్ల, రెండు కుర్చీలు. స్టూళ్ళు మూడు సంఘం గదిలో ఒకదానిమీద ఒకటి బోర్లించి ఉన్నాయి. నెలవారీ మీటింగు మాత్రం ఇప్పటికీ చాప మీదే.

మెట్ల స్టూలు ఆ గదికి రాలేదు. మేళా నుంచి తిరిగొచ్చిన రోజే పెద్దమ్మ మనవడు దాన్ని సైకిలు మీద ఇంటికి తీసుకుపోయాడు. ఎవరూ అడగలేదు. దానిమీద కూర్చుని బీడీలు చేస్తున్నావా అని ఒకసారి అడిగాను. కుదరదట, తొడలు ఏటవాలుగా ఉండి చాట జారిపోతుందట. కాళ్ళు చాపుకుని కింద కూర్చుంటేనే చాట నిలుస్తుంది. మరి ఎప్పుడు కూర్చుంటావంటే, పొద్దుగూకినాక వాకిట్లో వేసుకుంటానంది. బజార్ల పోయేటోళ్ళు అక్కడినుంచి బాగా కనిపిస్తారట.